‘ఈ బండ’ ఏది? ఒక శ్లేష చుట్టూ పద్దెనిమిది వందల ఏళ్ల వాదన

తెలుగు బైబిల్లో మత్తయి సువార్త 16వ అధ్యాయం 18వ వచనం ఇలా ఉంటుంది: “మరియు నీవు పేతురువు, ఈ బండమీద నా సంఘమును కట్టుదును, పాతాళలోక ద్వారములు దాని యెదుట నిలువనేరవని నేను నీతో చెప్పుచున్నాను.” మొదటిసారి చదివేవాళ్లు ఇక్కడ కాస్త తడబడతారు. పేతురు గురించి మాట్లాడుతుంటే మధ్యలో ఈ బండ ఎక్కడి నుంచి ఊడిపడింది? తెలుగులో పేతురు అనే మాటకూ బండ అనే మాటకూ ఒక్క అక్షరం కలవదు. ఒకదాని వెంట ఒకటి రెండు వేరే సంగతులు చెప్పినట్టు ఉంటుంది.

మూలంలో అది శ్లేష. గ్రీకులో ‘పెత్రోస్’ శిష్యుడి పేరు, ‘పెత్రా’ అంటే బండ. ఫ్రెంచి వాళ్లకు ఇది ఇంకా సులువు. ‘పియేర్’ అంటే వాళ్లకు మనిషి పేరూ అదే, రాయీ అదే. యేసు మాట్లాడిన అరామిక్‌లో రెండు చోట్లా ఒకే మాట ‘కేఫా’ వచ్చి ఉండాలని ఎక్కువమంది పండితులు అంటారు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో యేసు సీమోనుకు (పేతురు అసలు పేరు అది) పెట్టిన పేరు అదే. దాని అర్థం రాయి అని కూడా ఆ వచనమే చెబుతుంది. పౌలు తన పత్రికల్లో, అంటే సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, అతణ్ని ఎక్కువగా కేఫా అనే పిలుస్తాడు. తెలుగులో ఈ శ్లేషను ఉంచాలంటే “నీ పేరు రాయన్న, ఈ రాయి మీదే నా సంఘం కడతాను” అన్నట్టు రాయాలి. కతోలిక కుటుంబాల్లో ఇలాంటి పేరు నిజంగానే ఉంది. తమిళ కతోలికులు పేతురును ‘రాయప్పర్’ అన్నారు, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో రాయప్పలు కనిపిస్తారు. ఆ పేరు పుట్టుక ఏదైనా తెలుగు చెవికి అందులో రాయి వినపడుతుంది. బైబిల్ అనువాదంలో పోయిన శ్లేష ఊళ్లో మనిషి పేరులో మిగిలింది.

ఈ ఒక్క శ్లేష మీద క్రైస్తవ లోకం చీలిపోయింది. రోములోని సెయింట్ పీటర్స్ బసిలికా గుమ్మటం లోపలి అంచు చుట్టూ ఇదే వచనం, కింద నిలబడినవాళ్లకు కనిపించేంత పెద్ద లాటిన్ అక్షరాల్లో ఉంటుంది. కతోలికులకు అది పోపు అధికారానికి మూలవాక్యం. తూర్పు ప్రాంతాల ఆర్థడాక్స్ సంఘాలు, రోము నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్లు అదే వచనాన్ని వేరుగా చదువుతారు. మన ఊళ్లలో ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) వాళ్లకూ బాప్టిస్టులకూ మాటామాటా వచ్చినప్పుడు “మీ సంఘానికి పునాది పేతురు, మా సంఘానికి పునాది క్రీస్తు” అనే దెప్పిపొడుపు వినిపించేది కూడా దీని వల్లే.

అయితే ఈ గొడవలో మూడు ప్రశ్నలు ఒకే మూటలో కలిసిపోయాయి. బండ ఎవరు లేక ఏమిటి? ఆ బండకు అప్పగించిన పని ఏమిటి? ఆ పని పేతురుతో ముగిసిందా, అతని తర్వాత వచ్చేవాళ్లకు సంక్రమించిందా? వాదించుకునేవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడే మూడో ప్రశ్న మీద కన్నేసి ఉంచుతారు. పేతురే బండ అని నిరూపిస్తే పోపు అధికారం నిరూపణ అయిపోయిందని ఒక పక్షం అనుకుంటుంది. అది ఒప్పుకుంటే పోపును ఒప్పుకోవాల్సి వస్తుందన్న టెన్షన్‌లో రెండో పక్షం అసలు పేతురే కాదంటుంది. రెండూ తొందరపాటే.

గులకరాయి వాదన

ప్రొటెస్టెంట్ ప్రసంగాల్లో బాగా వినిపించే వివరణ ఒకటుంది. పెత్రోస్ అంటే చిన్న రాయి, పెత్రా అంటే కదలని పెద్ద బండ. యేసు పేతురుతో “నువ్వు చిన్న రాయివి” అని, తర్వాత తన వైపు చూపించుకుని “ఈ బండ మీద” అన్నాడట. మైకులో వినడానికి బాగుంటుంది. కానీ ఆ తేడా పాత గ్రీకు కవిత్వంలోనిది, కొత్త నిబంధన కాలానికి దాదాపు చెరిగిపోయింది. చిన్న రాయి అని చెప్పాలంటే ‘లిథోస్’ అనే మామూలు మాట చేతిలో ఉంది. తన వైపు చూపించుకున్నాడన్నది వచనంలో ఎక్కడా లేదు, బోధకుడు చేర్చిన నటన అది.

మరి పెత్రా ఉండగా పెత్రోస్ ఎందుకు? పెత్రా స్త్రీలింగం, మగవాడికి పెట్టాలంటే పుంలింగ రూపం కావాలి. మనం లక్ష్మి పేరు మగపిల్లాడికి పెట్టాలంటే లక్ష్మయ్య అంటాం. ఆ ‘అయ్య’ చేరినందుకు లక్ష్మి వేరు, లక్ష్మయ్యలోని లక్ష్మి వేరు అని ఎవరూ వాదించరు. ప్రాచీన సిరియాక్ బైబిల్ పెషిట్టాలో ఈ చిక్కే లేదు, రెండు చోట్లా ఒకే మాట ఉంటుంది.

అవతలి పక్షానికీ గట్టి మాట ఒకటుంది. మన చేతిలో ఉన్నది గ్రీకు పాఠమే, అరామిక్ మూలం కాదు. రాసినవాడు సూటిగా “నీ మీద” అనొచ్చు కదా, “ఈ బండ మీద” అని ఎందుకు మలుపు తిప్పాడు? ఇది తోసిపుచ్చే ప్రశ్న కాదు. అంతకు ముందు రెండు వచనాల వెనక పేతురు “నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు” అని ఒప్పుకున్నాడు. ‘ఈ’ అన్నది ఆ ఒప్పుకోలును చూపిస్తుందని చదవడానికి వీలుంది.

కానీ చుట్టూ ఉన్న వాక్యాలు చూడండి. 17వ వచనంలో “నీవు ధన్యుడవు”, 18లో “నీవు పేతురువు”, 19లో తాళపుచెవులు “నీ కిచ్చెదను”. అన్నీ ఒక్క మనిషితో, ఏకవచనంలో. పైగా పేరు మార్చడం అనేది బైబిల్లో ఊరికే జరగదు. అబ్రాము అబ్రాహాము అయినప్పుడు ఆ పేరులోనే అతని పని ఉంది. యెషయా 51వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులతో “మీరు ఏ బండలోంచి చెక్కబడ్డారో చూసుకోండి” అన్నప్పుడు ఆ బండ అబ్రాహామే. ఒక మనిషిని బండ అనడం యూదుల చెవికి కొత్త కాదు. ఇవన్నీ పెట్టి చూస్తే, బండ అంటే పేతురు అనడమే సహజమైన పఠనం. అయితే అది క్రీస్తును అప్పుడే ఒప్పుకున్న పేతురు. ఒప్పుకోలును ఆ నోటి నుంచి విడదీసి గాల్లో నిలబెట్టడమూ, నోటిని ఒప్పుకోలు నుంచి విడదీసి సింహాసనం మీద కూర్చోబెట్టడమూ రెండూ వచనానికి కొంత బలవంతమే.

ఈ మాట ఇప్పుడు చాలామంది ప్రొటెస్టెంట్ పండితులే అంటున్నారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బోధించిన ఆస్కార్ కుల్‌మన్ 1952లో పేతురు మీద రాసిన పుస్తకంలో బండ పేతురేనని, కానీ ఆ స్థానం అపొస్తలుడిగా (యేసు స్వయంగా పంపిన తొలి శిష్యుడిగా) అతనికి ఒక్కడికే చెందుతుందని, వారసులకు కాదని వాదించాడు. మొదటి ప్రశ్ననూ మూడో ప్రశ్ననూ విడదీసిన పద్ధతి అది. బాప్టిస్టు వ్యాఖ్యాత డి.ఎ. కార్సన్ కూడా రోమన్ కతోలిక వ్యాఖ్యానంపై ప్రతిస్పందన లేకపోయి ఉంటే ఇంతమంది వేరే అర్థం వెతికేవాళ్లు కారన్నాడు.

ఇక ఈ మాటలు యేసు ఎక్కడ అన్నాడన్నదీ కొందరికి ఆధారం. ఫిలిప్పుదైన కైసరయ హెర్మోను కొండ పాదంలో ఉంది. ఇప్పుడు ఆ చోటును బనియాస్ అంటారు. అక్కడ నిటారైన పెద్ద రాతిగోడ, దానిలో ఒక గుహ, ‘పాన్’ అనే గ్రీకు దేవుడి పూజాస్థలం, యొర్దాను నదికి జన్మనిచ్చే ఊటల్లో ఒకటి ఉన్నాయి. టూర్ గైడ్లు ఆ రాతిగోడను చూపించి “బండ ఇదే, పాతాళ ద్వారం ఆ గుహే” అంటారు. ఫొటోకు బాగుంటుంది. కానీ మత్తయి చెప్పింది “ప్రాంతములకు వచ్చి” అని మాత్రమే, ఆ గోడ ముందు నిలబడ్డారని కాదు. అన్యదేవతల బండ మీద తన సంఘాన్ని కడతానని చెప్పడంలో అర్థం కూడా అంత సూటిగా కుదరదు.

అయిదు వచనాల్లో అడ్డుబండ

ఈ వచనం మీద వచ్చే పోస్టుల్లో, ప్రసంగాల్లో తక్కువగా పట్టించుకునేది తర్వాతి సన్నివేశం. 18లో పేతురును బండ అన్న యేసు, 23లో అతన్నే “సాతానా, నా వెనుకకు పొమ్ము, నీవు నాకు అభ్యంతర కారణమైయున్నావు” అంటాడు. అభ్యంతర కారణం అని తెలుగులో ఉన్న చోట గ్రీకులో ‘స్కాండలోన్’ ఉంది. అది ఉచ్చుకూ, కాలికి తగిలి పడేసేదానికీ వాడే మాట. ఇదే మాటను బండతో కలిపి పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయంలో వాడితే తెలుగు అనువాదకులు చక్కగా “అడ్డుబండ” అన్నారు. మత్తయిలోనూ అదే మాట పెట్టి ఉంటే తెలుగు పాఠకుడికి వెంటనే తెలిసేది: పునాది బండ అయిదు వచనాల తేడాలో కాళ్లకు తగిలే బండ అయింది. ఒక అనువాదకుడి ఎంపిక ఒక సంఘపు వాదనను ఎంత మార్చగలదో ఇక్కడ కనిపిస్తుంది.

ఇంకో ఉదాహరణ ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 20వ వచనం. తెలుగులో “అపొస్తలులును ప్రవక్తలును వేసిన పునాదిమీద మీరు కట్టబడియున్నారు” అని ఉంది, మూలరాయి క్రీస్తు. గ్రీకులో ‘వేసిన’ అనే మాట లేదు. “అపొస్తలుల, ప్రవక్తల పునాది” అని షష్ఠీ విభక్తి ఒక్కటే ఉంది. దానికి అపొస్తలులు వేసిన పునాది అనీ చెప్పుకోవచ్చు, అపొస్తలులే పునాది అనీ చెప్పుకోవచ్చు. ఇంగ్లిష్ బైబిళ్లు చాలావరకు ఆ సందేహాన్ని అలాగే ఉంచేశాయి. తెలుగు అనువాదం ఒక వైపు మొగ్గింది. దాన్ని చదివి పెరిగిన ప్రొటెస్టెంట్‌కు అపొస్తలుడు మేస్త్రీ, పునాది కాదు. ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో మాత్రం పట్టణపు ప్రాకారానికి పన్నెండు పునాదులు, వాటి మీద పన్నెండుగురు అపొస్తలుల పేర్లు ఉన్నాయి. అక్కడ వాళ్లు మేస్త్రీలు కారు, సాక్షాత్తు పునాదిరాళ్లే.

“ఈ పునాది యేసుక్రీస్తే” అని పౌలు కొరింథీయులకు రాసిన మాటను పేతురు వ్యతిరేకుల చివరి అస్త్రంగా వాడతారు. అదే పత్రిక పదో అధ్యాయంలో “ఆ బండ క్రీస్తే” అనీ ఉంది. కానీ ఇవి ఒక ఇంజినీరు గీసిన ఒకే ఇంటి ప్లాన్‌లోని భాగాలు కావు. ఒకచోట క్రీస్తు పునాది, మరోచోట మూలరాయి, మత్తయి 16లో ఆయనే కట్టేవాడు. ఒకే వాక్యంలో కట్టేవాడూ ఆయనే, పునాదీ ఆయనే, చూపించుకునేదీ ఆయనే అంటే ఉపమానం తనలో తాను చిక్కుపడుతుంది. పేతురు తన పత్రికలో విశ్వాసులందర్నీ సజీవమైన రాళ్లు అన్నాడు. అక్కడ తన గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పుకోలేదు. దాన్ని వినయంగానూ తీసుకోవచ్చు, ప్రత్యేక స్థానం లేదనడానికి సాక్ష్యంగానూ తీసుకోవచ్చు.

మౌనం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ ఒప్పుకోలు సన్నివేశం మార్కులోనూ లూకాలోనూ ఉంది, బండ మాట మాత్రం మత్తయిలోనే ఉంది. పేతురు చెప్పగా విని రాశాడని సంప్రదాయం చెప్పే మార్కులోనే అది లేదు. నాలుగు సువార్తల్లో ‘సంఘము’ అనే మాట వచ్చేది కూడా మత్తయి 16లో, 18లో మాత్రమే.

పితరులు ఏమన్నారు

తొలి శతాబ్దాల సంఘ పితరులు, అంటే ఆ కాలపు పెద్ద బోధకులూ రచయితలూ, ఒకే గొంతుతో మాట్లాడలేదు. మూడో శతాబ్దంలో ఓరిజెన్ క్రీస్తును ఒప్పుకున్న ప్రతి శిష్యుడూ బండే అన్నాడు. క్రిసోస్తోమ్ అంతియొకయలో మత్తయి మీద చెప్పిన ప్రసంగంలో బండ అంటే ఆ ఒప్పుకోలులోని విశ్వాసం అన్నాడు. ఉత్తర ఆఫ్రికాలో తెర్తుల్లియన్ పేతురే బండ అన్నాడు, కానీ ఆ అధికారం పేతురుకు వ్యక్తిగతంగా ఇచ్చిందనీ, దాన్ని తమదని చెప్పుకునే బిషప్పులు అర్థాన్ని తిప్పుతున్నారనీ మండిపడ్డాడు. కుల్‌మన్ వాదనకు పదిహేడు వందల ఏళ్ల ముందు తాత అన్నమాట.

అందరికన్నా నిజాయితీగా తన తడబాటును చెప్పుకున్నవాడు అగస్టీన్. జీవిత చరమాంకంలో, 427 ప్రాంతంలో, తన పాత రచనలన్నీ తిరగేసి తప్పొప్పులు రాసుకున్నాడు. ఒకప్పుడు పేతురు బండ అని రాశానని, ఆ అర్థంతోనే మిలాను బిషప్ అంబ్రోసు పాటను ఎంతోమంది పాడుకుంటున్నారని గుర్తు చేసుకున్నాడు. ఆ పాటలో కోడి కూయగానే సంఘపు బండ తన పాపాన్ని కడుక్కుందని ఉంది. తర్వాత మాత్రం బండ అంటే పేతురు ఒప్పుకున్న క్రీస్తే అని చాలాసార్లు వివరించానని చెప్పాడు. పేతురుతో నువ్వు ‘పెత్రా’వి అనలేదు, ‘పెత్రుస్’వి అన్నాడు కదా అన్నది అతని తర్కం. అది లాటిన్ మీద నిలబెట్టిన తర్కం. చివర్లో ఈ రెండు అర్థాల్లో ఏది ఎక్కువ సబబో చదివేవారే ఎంచుకోవచ్చని వదిలేశాడు. పశ్చిమ క్రైస్తవ్యానికి ఇంత పెద్ద గురువు ఇంత కీలకమైన వచనాన్ని పాఠకుడి చేతికి వదిలేశాడంటే, అప్పటికి ఇది విశ్వాస ప్రమాణమైన విషయం కాదన్నమాట.

మరి పోపు అధికారానికి ఈ వచనం ఎప్పుడు ఆధారమైంది? దొరికిన ఆధారాల్లో తొలి స్పష్టమైనది 256 ప్రాంతంలోది, అదీ ఒక ప్రత్యర్థి ఉత్తరంలో. చీలిపోయిన వర్గాల దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు మళ్లీ ఇవ్వాలా వద్దా అని రోము బిషప్ స్తెఫానుకూ కార్తేజ్ బిషప్ సిప్రియన్‌కూ తగాదా వచ్చింది. కప్పదొకియలోని కైసరయ బిషప్ ఫిర్మిలియన్ సిప్రియన్ పక్షాన ఉత్తరం రాస్తూ స్తెఫానును ఎత్తిపొడిచాడు: సంఘపు పునాదులు ఎవరి మీద వేశారో ఆ పేతురుకు వారసుణ్నని గొప్పలు చెప్పుకుంటూ, తానే ఇంకా ఎన్నో బండలు తెచ్చిపెడుతున్నాడు! ఈ వ్యంగ్యం వల్లే స్తెఫాను ఏమని వాదించాడో మనకు తెలిసింది. సిప్రియన్ వైఖరి మరో రకం. పేతురు మీద సంఘం కట్టబడిందని అతనూ అన్నాడు, కానీ ఆ పీఠం ఒక్కటే, బిషప్పులందరూ దానిలో పూర్తి పాలుదారులే అన్నాడు. ఆర్థడాక్స్ సంఘాలు ఈనాటికీ దాదాపు ఈ దారిలోనే ఉన్నాయి.

అయిదో శతాబ్దంలో మహా లియో పోపుగా ఉండగా వాదన పూర్తి రూపం తీసుకుంది: పేతురు తన వారసుల ద్వారా ఇప్పటికీ సంఘాన్ని నడుపుతున్నాడు. 451లో కల్కెదోను మహాసభలో లియో లేఖ చదివినప్పుడు బిషప్పులు “పేతురు లియో ద్వారా మాట్లాడాడు” అని కేకలు వేశారు. అదే సభ 28వ తీర్మానంలో మాత్రం పాత రోముకు పెద్దరికం వచ్చింది అది రాజధాని నగరం కావడం వల్లనని, కాబట్టి కొత్త రోమైన కాన్‌స్టాంటినోపుల్‌కూ సమానమైన గౌరవాలు ఇస్తున్నామని రాసుకుంది. లియో ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. పెద్దరికం వాక్యం వల్ల వచ్చిందా, రాజధాని వల్ల వచ్చిందా అన్నదే తూర్పు పడమరల మధ్య అసలు తగాదా.

పేతురు పీఠం రోముకే సొంతం కాదు కూడా. సంప్రదాయం ప్రకారం అతను ముందు అంతియొకయలో ఉన్నాడు. సిరియన్ ఆర్థడాక్స్ పాత్రియార్కు ఈనాటికీ ఆ పీఠం పేరు చెప్పుకుంటాడు. కేరళలో ఈ మాట కోర్టు వ్యాజ్యాల దాకా వెళ్లింది. 1970లో అప్పటి పాత్రియార్కు అక్కడి మలంకర సభ అధిపతికి రాసిన లేఖలో, కేరళ సంఘాన్ని స్థాపించాడని చెప్పే అపొస్తలుడు తోమాకు యాజకత్వమే లేదు, ఇక అతని పేరున పీఠం ఎక్కడిదని ప్రశ్నించడంతో పాత చీలిక మళ్లీ రగిలింది.

44 ఓట్లు, 17 ఓట్లు

1519లో జర్మనీలోని లైప్‌జిగ్ చర్చలో కతోలిక పండితుడు యోహాన్ ఎక్ ఈ వచనాన్ని ముందుకు తెస్తే, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ ఇచ్చిన జవాబుల్లో పదునైనది వ్యాకరణం కాదు, చరిత్ర. రోము కింద ఎన్నడూ లేని గ్రీకు క్రైస్తవులు, వాళ్ల పరిశుద్ధులు అందరూ నరకానికి పోయారా అని అడిగాడు. 1537లో లూథర్ సహచరుడు మెలాంక్‌థోన్ రాసిన లూథరన్ పత్రం బండ అంటే పేతురు చేసిన ఒప్పుకోలును ప్రకటించే పరిచర్య అంది. పునాది మనిషీ కాదు, ఊరికే సిద్ధాంతమూ కాదు, ప్రకటించే పని. గుంటూరు లూథరన్ సంఘాల వారసత్వం ఇదే అయినా మన వేదికల మీద ఎక్కువగా వినిపించేది గులకరాయి వాదనే.

1870 జూలై 18న మొదటి వాటికన్ మహాసభ పోపు సర్వాధికారాన్నీ, బోధనలో పొరపడని హోదానూ విశ్వాస ప్రమాణంగా ప్రకటించింది. ఓటింగులో 533 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. వద్దనుకున్న చాలామంది ముందే ఊరు వదిలి వెళ్లిపోయారు. వాళ్లలో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఆర్చ్‌బిషప్ పీటర్ రిచర్డ్ కెన్రిక్ ఒకడు. సభలో మాట్లాడే అవకాశం దొరక్క, ఆయన తన ప్రసంగాన్ని నేపుల్స్‌లో అచ్చు వేయించాడు. ఫ్రెంచి పండితుడు లోనువా వేసిన పాత లెక్కను అందులో ముందు పెట్టాడు. పేతురే బండ అన్న పితరులు 17 మంది, విశ్వాసమే బండ అన్నవారు 44, క్రీస్తే బండ అన్నవారు 16, అపొస్తలులందరూ అన్నవారు 8. కొసమెరుపు ఏమిటంటే, 1564 నుంచి కతోలిక గురువులు చేసే ప్రమాణంలో పితరుల ఏకాభిప్రాయానికి విరుద్ధంగా వాక్యాన్ని వ్యాఖ్యానించనని అప్పట్లో ఉండేది. ఆ లెక్కన ఈ వచనాన్ని పేతురు అధికారానికి వాడుకోవడమెలా అని సొంత సభనే నిలదీశాడు కెన్రిక్. తర్వాత ఆయన తీర్మానానికి తలవంచాడు.

ఆ లెక్క ప్రొటెస్టెంట్ కరపత్రాలకు బంగారు గని అయింది. దాన్ని కాస్త జాగ్రత్తగా వాడాలి. పితరులు ఓట్లు వేయలేదు. ఒకే మనిషి ఒక ప్రసంగంలో విశ్వాసం అని, ఇంకో చోట పేతురు అని అన్న సందర్భాలు బోలెడు, అగస్టీన్ కథ చూశాం కదా. వాళ్లకు అవి పరస్పరం కొట్టుకునే అర్థాలుగా అనిపించలేదు. విచిత్రంగా ఇప్పటి కతోలిక సత్యోపదేశ గ్రంథమూ అలాగే ఉంది. 1992 నాటి ఆ గ్రంథం 424వ పేరాలో పేతురు ఒప్పుకున్న విశ్వాసపు బండ మీద క్రీస్తు తన సభను కట్టాడంటుంది. 552లో, 881లో పేతురునే బండ అంటుంది. శ్రీసభలో (కతోలిక సంఘంలో) ఫిబ్రవరి 22న పేతురు పీఠం పండుగకు, జూన్ 29న పేతురు పౌలుల పండుగకు చదివే సువార్త కూడా ఒప్పుకోలుతో మొదలై తాళపుచెవులతో ముగుస్తుంది, రెండూ కలిపే.

తాళపుచెవుల సంగతి రెండో ప్రశ్నకు చెందుతుంది. యెషయా 22లో దావీదు ఇంటి తాళపుచెవిని ఎల్యాకీము భుజం మీద పెడతారు. అతను రాజు కాదు, రాజు ఇంటి నిర్వాహకుడు. కతోలిక వ్యాఖ్యాతలు దీన్నుంచి ఒక పదవిని, పదవి గనుక వారసత్వాన్ని తీస్తారు. వాదన తేలికైంది కాదు. కానీ మత్తయి 18లో బంధించే, విప్పే అధికారం శిష్యులందరికీ ఇచ్చారు. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభలో పేతురు మాట్లాడాడు, ముగింపు మాట చెప్పింది యాకోబు. నిర్వాహకుడు ఒక్కడేనా అన్నది అందుకే తేలలేదు.

మూడో ప్రశ్నకు మాత్రం ఈ వచనం దగ్గర జవాబే లేదు. వారసుడు అన్న మాట ఇందులో లేదు, రోము అన్న మాట లేదు. 180 ప్రాంతంలో ఐరేనియస్ రోము బిషప్పుల జాబితా ఇచ్చి లీను అనే అతనితో మొదలుపెట్టాడు. అయితే రోములో ఒకే బిషప్ పాలించే పద్ధతి రెండో శతాబ్దం మధ్యకు గానీ స్థిరపడలేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే ఇది సంప్రదాయాన్ని ఎంతవరకు నమ్మాలి, సంఘం కాలక్రమంలో ఎదగడం దేవుని నడిపింపా కాదా అన్న ప్రశ్న. పెత్రోస్, పెత్రాల మీద ఎంత కుస్తీ పట్టినా అది తేలదు.

దక్షిణ భారతంలో ఈ మూడో ప్రశ్నను ఒకసారి చాలా ఆచరణాత్మకంగా పరిష్కరించారు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత చర్చల్లో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ముందున్నాడు. బిషప్పులున్న ఆంగ్లికన్లు, బిషప్పులు లేని మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు ఒకటి కావాలి. దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబర్ 27న సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు బిషప్పుల వరసను అంగీకరించారు. ఆ వరస వెనక ఉన్న సిద్ధాంతం ఏదని మాత్రం ఎవర్నీ నిర్బంధించలేదు. అది చూడటానికి అజరయ్య లేడు, 1945లోనే చనిపోయాడు.

రోము కూడా తన వంతు ప్రశ్న తనే వేసుకుంది. 1995 మే 25న పోపు రెండో జాన్ పాల్ ఒక లేఖలో పేతురు పరిచర్యను ఇతర క్రైస్తవులు కూడా ఒప్పుకోగలిగే పద్ధతిలో ఎలా చేయవచ్చో కలిసి వెతుకుదామని పిలిచాడు. దానికి వచ్చిన స్పందనలన్నీ పోగేసి 2024 జూన్‌లో వాటికన్ ఒక అధ్యయన పత్రం విడుదల చేసింది. 1870 నాటి నిర్వచనాలను ఇప్పటి వెలుగులో మళ్లీ చదివి, మళ్లీ చెప్పాలన్న సూచన అందులో ఉంది.

2025 మే 8న పద్నాలుగో లియో పోపుగా ఎన్నికయ్యాడు. ఓటు వేసిన కార్డినళ్లలో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కూడా ఉన్నాడు. మర్నాడు సిస్టీన్ చాపెల్‌లో కార్డినళ్ల ముందు కొత్త పోపు చెప్పిన మొదటి ప్రసంగం మత్తయి 16 మీదే. ఆయన అందుకున్న వాక్యం “ఈ బండమీద” కాదు. దానికి రెండు వచనాల ముందున్న పేతురు ఒప్పుకోలు: “నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు.”